మామయ్య మిల్లు, మేడ మీది స్కానింగు

మామయ్యకి నమస్కారం.

ఫోన్ చేస్తే మిల్లు మోతలో నీకు వినపడదు. దిగి వస్తే నాకు ఒళ్లంతా పిండి. అందుకే మేడ మీంచి ఈ ఉత్తరం బుట్టలో దించుతున్నాను. కింద నీ మోటారు, పైన నా స్కానింగ్ మిషను ఒకే లైను మీద ఉన్నాయి. నువ్వు మిల్లు వేయగానే నా లైట్లు గుడ్డివవుతాయి, తెర మీద బొమ్మ నిండా చారలు పరుగెడతాయి. నాకు వేరే లైను, వేరే ఎర్తు వేయించాలి. ఇల్లు నీది, నువ్వు సరేనంటే చాలు.

నీ మేనకోడలు

చిరంజీవి డాక్టరమ్మకి ఆశీస్సులు.

నువ్వు పుట్టకముందు నుంచీ ఈ మిల్లు తిరుగుతోంది. ఎవరి బొమ్మా చెడలేదు. అయినా అడిగావు కాబట్టి, ఇకనుంచి పగలు బియ్యం మాత్రమే పడతాను. మెత్తటి పిండి, బొమ్మకి ఇబ్బంది ఉండదు. మొక్కజొన్నలు నువ్వు తాళం వేసి వెళ్లాక.

ఇట్లు, మామయ్య

తా.క. గోధుమలు మధ్యరకం. వాటి సంగతి నువ్వే చెప్పు.

మామయ్యకి నమస్కారం.

నువ్వేం పట్టినా ఒకటే! మోటారులో పుట్టే గోల తీగల వెంట పైకొచ్చి నా బొమ్మలో పడుతోంది. అది అలా ఉంచు. ఇన్నేళ్లకి కడుపు పండిన మీ అమ్మాయిని ఇవాళ చూశాను. కవలలు! చారల మధ్యే ఇద్దరూ కనిపించారు.

నీ మేనకోడలు

తా.క. అత్తయ్య కేక విన్నావా? మిల్లు మోతని మించిపోయింది.

డాక్టరమ్మకి ఆశీస్సులు.

తొందరపడకు. నా మిల్లు నీ బొమ్మలో పడుతోందని నువ్వే రాశావు. మిల్లులో గుండ్రటి రాళ్లు రెండు. నీ బొమ్మలోనూ గుండ్రంగా ఇద్దరు. ఇందులో మనవాళ్లెందరో, మిల్లువెన్నో తేల్చు. మీ అత్తయ్య అప్పుడే వీధంతా మిఠాయి పంచింది. ఇద్దరని ఆశపడ్డాక ఒక్కరే పుడితే, ఆ బిడ్డని ఎత్తుకుని కూడా ఏడుస్తుంది. ఆ పాపం నా మిల్లుకొద్దు.

ఇట్లు, మామయ్య

తా.క. అల్లుడు రెండో ఉయ్యాల తెచ్చాడు. గుమ్మంలోంచే తిప్పి పంపాను. అప్పట్నుంచి నాతో మాట్లాడేది మిల్లొక్కటే.

మామయ్యా,

రాళ్లకి గుండె కొట్టుకోదు! రెండు గుండెలు చెవులారా విన్నాను.

విసిగిపోయిన మేనకోడలు

డాక్టరమ్మకి ఆశీస్సులు.

నా మిల్లూ టకటకా కొట్టుకుంటుంది. వాదనెందుకు? ఎలక్ట్రీషియన్ని పిలిచాను. నీకు వేరే లైను లాగుతున్నాడు, పెరట్లో నీ ఎర్తుకి వేరే గొయ్యి తవ్వుతున్నాడు. అది అయ్యాక అమ్మాయిని మళ్లీ చూడు. అప్పుడు నువ్వు ఎంతమందంటే అంతమందికీ తాతని.

ఇట్లు, మామయ్య

తా.క. ఆరోజు మిల్లు ఆపేస్తాను. ఏ అనుమానమూ లేకుండా రాళ్లు కూడా తీసి వీధిలో పెడతాను.

తాతగారికి నమస్కారం.

ముందు కూర్చో. కొత్త లైను బంగారం. బొమ్మలో ఒక్క చార లేదు, అద్దంలో చూసినట్టుంది. నీ అనుమానమే నిజం, నా లెక్క తప్పు. ఇద్దరు కారు.

నేనీ మాట అనగానే అత్తయ్య మొహం చూడలేకపోయాను. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర వాళ్ల వైపు తిప్పి, వేలు పెట్టి చూపించాను. ముగ్గురు, మామయ్యా! మూడో బిడ్డ ఇన్నాళ్లూ నీ మిల్లు చారల చాటున నక్కి ఉంది. మూడు గుండెలూ చక్కగా కొట్టుకుంటున్నాయి. వదిన నవ్వు ఆపితే గానీ మిగతా స్కానింగు చేయలేను.

నీ మేనకోడలు

తా.క. మీ అల్లుడు మాత్రం ఇక స్కానింగే వద్దంటున్నాడు. చూసినప్పుడల్లా ఒకరు పెరుగుతున్నారట.