నువ్వు సంతకం పెట్టిన దరఖాస్తు

నాయినా,

నువ్వు పోయి నేటికి ఆరు నెలలు. ఫీజు కట్టే దారి లేక వనపర్తిలో డిగ్రీ మానేసి, గద్వాలలో నీ మగ్గం మీద కూర్చున్నాను. నిన్న మా లెక్చరర్ సార్ ఇంటికొచ్చారు.

"నీకు స్కాలర్‌షిప్ మంజూరైంది. ఇంక ఫీజు రంది లేదు, రేపే రా" అన్నారు.

దవాఖానలో మంచం మీద నువ్వు సంతకం పెట్టిన దరఖాస్తే అది. నేను అమ్మ వైపు చూశాను.

"మగ్గం నేను చూస్కుంట. నువ్వు పో బిడ్డా" అన్నది.

ఇదివరకు ఫీజు సంగతి ఎక్కడ అడుగుతారోనని వెనక బెంచీలో తల దించుకొని కూర్చునేదాన్ని. ఈరోజు అర్థం కాని లెక్క గురించి లేచి నిలబడి అడిగాను. సార్ రెండుసార్లు చెప్పినా తెలియలేదు. మూడోసారి కూడా అడిగాను నాయినా.

నీ బిడ్డ