కాలు బరువు

జలగాష్,
నవంబర్ 17

చెల్లెలు ఇంకార్‌కి,

బల్జాన్ అక్క దూరం నుంచి పంపే పలకరింపులు. ఇక్కడ మనుషులమూ, పశువులూ అందరం బాగానే ఉన్నాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు, షిమ్‌కెంత్ ఆసుపత్రిలో నీతో పనిచేసేవాళ్ళు కులాసాగా ఉన్నారని అనుకుంటాను. బరువు తగ్గడానికి నా కడుపు కోసి సగానికి పైగా తీసేసిన డాక్టరుగారికి నా సలాం చెప్పు.

వాట్సాప్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. వాట్సాప్‌లో నువ్వు ఒక అంకె అడుగుతావు, నేను ఒక అంకె పంపుతాను. మిగతాది చెప్పుకోవడానికి అక్కడ చోటు లేదు. నువ్వు రష్యన్‌లో పెరిగినదానివి, మన కజక్ భాష నీకు అంతంత మాత్రం. నా రష్యన్ సంగతి నీకు తెలిసిందే. అర్థం కాని చోట మీ అమ్మమ్మ చేత చదివించుకో.

ముందు అసలు పని చెప్తాను. పిల్లలు లేనివాళ్ళకి ప్రభుత్వం చేయించే ఆ వైద్యానికి మీరు పంపే జాబితాలోంచి నా పేరు కొట్టెయ్యి. వచ్చే నెల బరువు చూపించుకోవడానికి కూడా రాను. కోపం వచ్చి రాయడం లేదు చెల్లీ. అలసిపోయాను.

ఆపరేషన్‌కి ముందు రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నా వయసు, ఎత్తు, బరువు, చక్కెర జబ్బు ఉందా లేదా అన్నీ అడిగి కంప్యూటర్‌లో కొట్టావు. అది ఒక గీత గీసిచ్చింది. నూట ముప్పై ఎనిమిది దగ్గర మొదలై, జారుడుబల్లలా దిగి, ఏడాదిన్నరకి ఎనభై నాలుగు దగ్గర ఆగే గీత. "ఈ గీత పట్టుకుని దిగండక్కా. ఎనభై అయిదు లోపలికొస్తే జాబితాలో మీ పేరు ముందుకి జరుగుతుంది, బిడ్డ సంగతి అప్పుడు చూద్దాం" అన్నావు. నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో బిడ్డ గురించి "అప్పుడు" అన్నది నువ్వొక్కదానివే. మిగతావాళ్ళందరూ "ఇంకెప్పుడు" అన్నవాళ్ళే. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చి, గీత ఉన్న కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

మా అత్తయ్యకి అది మొదటి రోజే కిట్టలేదు. "ఇంట్లో నేనొక అత్తని చాలననా, తలుపు మీద ఇంకో అత్తని తెచ్చి పెట్టావు?" అంది. నిజం చెప్పాలంటే ఈ అత్తే నయం. సాయంత్రమయ్యేసరికి కోపం మర్చిపోతుంది. ఆ కాగితం దేన్నీ మర్చిపోదు.

బరువులు నాకు కొత్త కాదు. బియ్యం మిల్లులో లారీల కాటా దగ్గర నా ఉద్యోగం. ఖాళీ లారీ ఎంత, ధాన్యం పోశాక ఎంత, మధ్య తేడా ఎంత అని చీటీ రాసివ్వడమే రోజంతా పని. ఆపరేషన్‌కి ముందు ఇంట్లో తూకం మిషను నా కింద చేతులెత్తేస్తే, ఎవరూ లేనప్పుడు చూసి ఆ లారీల కాటా ఎక్కేదాన్ని. ఒకసారి డ్రైవర్లు పట్టేసుకున్నారు. "బల్జాన్, బండి వచ్చింది సరే, సరుకేది?" అన్నాడొకడు. అందరితో పాటు నేనూ నవ్వాను. సరుకేదన్న ఆ ఒక్క ముక్క ఎంత లోతుగా గుచ్చుకుందో వాడికి తెలియదు.

మొదటి నెలల్లో నా బరువుకి పెట్టిన చుక్కలన్నీ గీతకి కిందే పడ్డాయి. నువ్వు చప్పట్లు కొట్టే బొమ్మలు పంపేదానివి. చలికాలం పోయాక చుక్కలు గీతని తాకాయి. ఎండలు ముదిరేసరికి గీత దారిన గీత దిగిపోయింది, నేను తొంభై ఆరు దగ్గర నిలబడిపోయాను. తిండి పెరిగిందా అంటే లేదు. నాలుగు చెంచాల పులుసు, గుడ్డులో సగం. సాపార్ నా ముందు మాంసం తినలేక పళ్ళెం పట్టుకుని పెరట్లో కొట్టంలోకి వెళ్ళేవాడు, తిన్నాక నోరు పుక్కిలించుకుని వచ్చేవాడు. భర్త తన ఇంట్లో తను దొంగలా తినడం చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఏ గీతలో ఉంటుంది?

వేసవిలో ఒక రోజు మాత్రం మర్చిపోలేను. పక్కింటి ఉల్బాలా వదిన కొడుకు పెళ్ళి విందు. మనవాళ్ళలో ఎవరింటి నుంచి వెళ్ళాలన్నా రొట్టెకి నోరు తాకించి కదా కదలాలి. నేను గోరంత తుంచుకుంటే వదిన మొహం మాడింది. అంతలోనే నా మెడ పట్టుకుని ఏడుపు మొదలెట్టింది. ఎంత చిక్కిపోయానో, ఏం రోగం దాస్తున్నానో, తనకైనా చెప్పకూడదా అని. ఆమెని ఓదార్చి బయటికొస్తుంటే నీ ఫోను. గీతకన్నా ఎక్కువున్నాను, ఇంకా తగ్గాలి అన్నావు. ఒళ్ళు ఒక్కటే ఇంకార్. ఒకరికి చాలలేదు, ఒకరికి ఎక్కువైంది. ఆ రాత్రికి నాకు ఏ ఆకలీ లేదు.

అక్టోబర్‌లో తొంభై ఏడు, ఈ నెల తొంభై తొమ్మిది. నువ్వు ఎర్ర చుక్క పెట్టి పంపావు. మర్యాదగానే అడిగావు, టీలో ఏం నంచుకుంటున్నారక్కా, దాచకుండా చెప్పండి అని. ఏమీ లేదంటే నమ్మలేదు. నీ తప్పు కాదు, నేనైనా నమ్మను. కాటా దగ్గర ప్రతి డ్రైవరూ ఏమీ లేదనే అంటాడు.

నువ్వు ఇంటికి ఫోను చేసిన రోజు నేను మిల్లులో ఉన్నాను, అత్తయ్య తీసింది. కోడలి కాలు బరువెక్కింది, కాస్త చూసుకో తల్లీ అని చెప్పిందట. మూడో రోజుకి బిగుతు మేజోళ్ళు పోస్టులో వచ్చాయి. ఉప్పు మానమని, రొట్టె పూర్తిగా మానమని, పొద్దునా సాయంత్రం ఇంకా నడవమని నీ ముక్క. అత్తయ్య దాన్ని రెండుసార్లు చదివించుకుంది. "చెప్పినా సరే తిండి మానమంటుందే, ఇదేం పిల్ల?" అని ఇంకా గొణుగుతూనే ఉంది.

డాక్టరుగారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇప్పుడు కాటా గది మెట్లు రొప్పకుండా ఎక్కుతున్నాను. చెప్పుల పట్టీ వంగి పెట్టుకుంటున్నాను. ఇంకా అడగడం అత్యాశ అనుకో. నా చోటు జాబితాలో నా వెనకున్న అమ్మాయికి ఇవ్వు. ఆమె గీత మీద బుద్ధిగా దిగుతూ ఉండి ఉంటుంది.

నీ చేతులకి సుఖం కలగాలి, మీ ఇంట్లో రొట్టె తరగకుండా ఉండాలి.

మీ అక్క,
బల్జాన్

తా.క.: అత్తయ్య ఇంతసేపూ నా పక్కనే కూర్చుని రాసిన ప్రతి ముక్కా చదివించుకుంది. ఇప్పుడే ఆవు పాలు తీయడానికి వెళ్ళింది. వచ్చేలోపు ఇది రాసెయ్యాలి.

కాలు బరువెక్కడం అంటే మనవాళ్ళలో కడుపుతో ఉండటం. మీ అమ్మమ్మని అడుగు, చెప్తుంది. ఆ మాట విప్పి అంటే దిష్టి తగులుతుందని అత్తయ్య భయం. అందుకని నీకు అలా చెప్పి, చెప్పేశానని నిశ్చింతగా ఉంది. నువ్వేమో మేజోళ్ళు పంపావు.

నాకు నాలుగో నెల. ఏడాదిన్నర దాకా వద్దన్నారు, తెలుసు. మేం కోరి తెచ్చుకోలేదు, అదే వచ్చింది. నెల తప్పడం నాకు మామూలే కనక గుర్తుపట్టలేదు. వాంతులొస్తే, కోసిన కడుపు వల్ల అనుకున్నాను. కనిపెట్టింది అత్తయ్యే. జిల్లా ఆసుపత్రిలో గుండె చప్పుడు వినిపించారు. సాపార్ బయటికెళ్ళి చాలాసేపు రాలేదు.

నాకు భయంగా ఉంది చెల్లీ. నువ్వు చెప్పావు కదా అని, అత్తయ్య వద్దంటున్నా వినకుండా, మేజోళ్ళు వచ్చిన రోజు నుంచి రొట్టె ముట్టలేదు. అది నా ఒక్కదాని తిండి అయితే పోనీ అనుకునేదాన్ని. ఇంత చిన్న కడుపుతో ఇద్దరికి ఏం తినాలో, ఏ మందులు వేసుకోవాలో డాక్టరుగారిని అడిగి వెంటనే చెప్పు. అత్తయ్య ఫోను తీస్తే కోడలి కాలు ఎలా ఉందని అడుగు, చాలు. ఆవిడ సంతోషిస్తుంది.

ఫ్రిజ్ మీద కాగితం తీసెయ్యలేదు. ఈ నెల చుక్క కూడా నేనే పెట్టాను, గీతకి ఎంతో పైన. ఇక నుంచి తగ్గిందా అని అడగకు ఇంకార్. పెరిగిందా అని అడుగు.