జల్లించని ఇసుక

ఆదివారం, మధ్యాహ్నం

పిన్ని గారికి,

నమస్కారాలు. మీరూ, మీ అక్కగారూ, వారి పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మన ఇంట్లో ముగ్గురం బాగున్నాం. నీళ్ళలో ఉన్నవాళ్ళు కూడా బాగున్నారు.

ఈ ఉదయం తొట్టెలో జాఫిష్ తలుపు తీయడానికి ఆలస్యం చేసింది. పడుకోబోయే ముందు ఆ చేప ఒక పెంకు ముక్కని నోటితో లాక్కుని, ఇసుకలో తవ్వుకున్న బొరియకి మూతగా పెట్టుకుంటుంది. రోజూ నేను మొహం కడుక్కుని వచ్చేసరికి ఆ మూత పక్కన పడి ఉంటుంది. ఇవాళ నేను చూస్తుండగానే ముక్క కొంచెం కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. తర్వాత రెండు కళ్ళూ, ఆ పెద్ద నోరూ బయటికి వచ్చాయి. ఇంట్లోవాళ్ళు లేచారా లేదా అన్నట్టు అటూ ఇటూ చూసింది.

అవును, మీరు తెప్పించిన చేపే. బతికే ఉంది. అక్వేరియం దుకాణం ఆయనకి తొట్టెతో సహా ఇచ్చెయ్యమని మీరు నాన్నకి ఫోన్‌లో చెప్పారు. ఇవ్వలేదు. ఆ సంగతి చెబుదామనే ఈ ఉత్తరం.

మీరు నాన్నని చేసుకుని మా ఇంటికి వచ్చి రెండేళ్ళయినా మిమ్మల్ని నేను ఏ పిలుపుతోనూ పిలవలేదు. ఎదురుగా వచ్చి నిలబడేదాన్ని. మీరే తలెత్తి చూసేవారు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దీ దిద్దీ మా అమ్మాయి మాట కూడా ప్రూఫు చూసుకుని గానీ బయటికి వదలదు అని నాన్న ఒకసారి మీతో అన్నారు. అందరూ నవ్వారు. మీరు నవ్వలేదు. పైన పిన్ని అని రాయడానికి ఇవాళ రెండు కాగితాలు ఖర్చయ్యాయి.

కొన్నాళ్ళు అక్క దగ్గర ఉండి వస్తానని మీరు బడికి సెలవు పెట్టి వెళ్ళారు. ఆ కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో మేమెవరం అడగలేదు. ఆ వారంలోనే దుకాణం ఆయన చేపని సంచిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి వెళ్ళిపోయింది గానీ చేప వచ్చింది, అదీ కప్ప మొహంతో, అంది నాయనమ్మ. అప్పట్నుంచి ఇంట్లో దాని పేరు కప్పమొహం.

మీరు చెప్పి వెళ్ళినట్టే తొట్టెలో ఒక పక్క జానెడు లోతు ఇసుక పోశాం. పెరట్లో మీరు కొని పెట్టిన సంచిలోదే. చేపకి అలవాటు కావాలని తొట్టె నీళ్ళని సన్న గొట్టంతో బొట్టు బొట్టుగా అది ఉన్న సంచిలోకి వదిలాను. సెలైన్ ఎక్కిస్తున్నారా, రోగిని చూడ్డానికి ఎన్నింటికి రావచ్చు, అని నాన్న అడిగారు. చేప మాత్రం తమాషాగా లేదు. రంగు వెలిసిపోయింది. మోటారు వెనక సందులో ఇరుక్కుని, ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చినట్టు ఎగశ్వాసతో ఉంది. పెట్టింది తినలేదు. ఉన్నట్టుండి పైకి దూకింది కూడా. తొట్టె అంచుకి తగిలి మళ్ళీ నీళ్ళలోనే పడింది, అదృష్టం. నాయనమ్మ తిట్టుకుంటూనే పాత దోమతెర చించి పైన కట్టింది.

నాకు తోచినవన్నీ చేశాను. లైటు ఆర్పేశాను. మూడు వైపులా అద్దానికి ప్రెస్సు నుంచి తెచ్చిన పాత ప్రూఫు కాగితాలు అంటించాను. చదువుకుని బాగుపడుతుందేమో అంది నాయనమ్మ. మీ చారల చేపలు రెండూ ఇల్లు తమ సొంతమన్నట్టు దాని వెంట పడుతుంటే వాటిని చిల్లుల బుట్టలో పెట్టి ఓ మూల వేలాడదీశాను. దాక్కోవడానికి చిన్న గొట్టం ముక్క కూడా వేశాను. అందులోకి ఒకసారి వెళ్ళింది, బయటికి వచ్చేసింది. దానికి కావలసింది మనం ఇచ్చే ఇల్లు కాదు.

సరిగ్గా అప్పుడే మీ ఫోన్ వచ్చింది. ఆ ఇంట్లో అది కుదురుకోదు, ఇచ్చెయ్యండి, అన్నారట. నాన్న ఫోన్ పెట్టేసి చాలాసేపు కళ్ళద్దాలు తుడుస్తూ కూర్చున్నారు. అద్దాలు తుడవడం ఆయన పనే గానీ, ఆ రోజు ఆయన కళ్ళద్దాల దుకాణానికి సెలవు. తొట్టె వెళ్ళిపోతే మీరు ఇక రారని నాకు అర్థమైంది. ఆయనకీ అర్థమైంది. ఆయన అనలేదు, నేనూ అనలేదు. మా ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఇంకొన్నాళ్ళు చూద్దాం అని మాత్రం అడిగాను. సరే అన్నారు, నేను ఇంకా అడగడం పూర్తిచేయకముందే.

చేప తవ్వడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ పొద్దున తవ్వింది సాయంత్రానికి పూడిపోయేది. మర్నాడు ఇంకోచోట. అదీ అంతే. తిండి లేదు, తవ్వడం తప్ప వేరే ధ్యాస లేదు. దాని పొట్ట లోపలికి పోయింది.

నేను ప్రెస్సుకి సెలవు పెట్టి తొట్టె ముందు పీట వేసుకున్నాను. ప్రూఫు దిద్దేటప్పుడు కథలో పడిపోకూడదు, అక్షరం చూడాలి. అలాగే చూశాను. అది నోటినిండా ఇసుక తీసుకుని దూరంగా ఉమ్మి వస్తుంది. గుంట కాస్త లోతవగానే చుట్టూ ఉన్న ఇసుక జారి నిండిపోతుంది, పంచదారలో వేలుపెట్టి తీసినట్టు. అప్పుడది ఇసుకంతా కలయదిరిగి ఎక్కడో ఒక నత్తగుల్ల సంపాదించింది. కరుచుకొచ్చి గుంట అంచున పెట్టింది. రెండోదాని కోసం బయల్దేరింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతికింది. లేదు. తిరిగొచ్చేసరికి మొదటిది కూడా గుంటలోకి జారిపోయింది.

అప్పుడు వెలిగింది నాకు. తొట్టెలో ఇసుక తప్ప ఇంకేమీ లేదు. అంతా ఒకే రకం, ఒకే మెత్తదనం.

ఈ ఇసుక సంచిలో ఇలాగే ఉందా అని నాయనమ్మని అడిగాను. ఇలాగెందుకుంటుందే, చూడలేకపోయాను, పగిలిన పెంకులూ రాళ్ళూ రప్పలూ, అందుకే మూడు నీళ్ళు కడిగి పిండి జల్లెడతో జల్లించాను, లేకపోతే అంత తెల్లగా ఎలా వచ్చిందనుకున్నావు, అంది. నేను మెచ్చుకుంటానని నా మొహంలోకి చూసింది.

ఆ రాళ్ళూ రప్పలే దాని గోడలు, వాటిని పేర్చుకుంటేనే బొరియ నిలబడుతుంది అని చెప్పాను. చేపకి గోడలేంటే, రేపు సున్నం కూడా వేయించమంటుందా, అని నవ్వింది. పీట మీద పక్కన కూర్చోబెట్టుకున్నాను. చేప ఆ నత్తగుల్లని మళ్ళీ తవ్వి తీసి అంచున పెట్టింది. మళ్ళీ వెతకడానికి వెళ్ళింది. మళ్ళీ అది జారింది. నాయనమ్మ నవ్వు ఆగిపోయింది. ఓసి పిచ్చిమొహమా, అంది. చేపనో, తననో తెలియలేదు.

తీసేసిన ముక్కలన్నీ కాలు జారకుండా ఉంటుందని బట్టలుతికే చోట పరిచేసిందట. సబ్బు పీల్చిన రాళ్ళు చేపకి విషం. దుకాణానికి వెళ్ళక తప్పలేదు. నాన్న వెళ్తానన్నారు. నేనే వద్దన్నాను, దుకాణంలో నేనే మాట్లాడాలని వీధి చివరికి వెళ్ళాక గానీ తోచలేదు, అప్పటికి వెనక్కి తిరిగితే బాగుండదు.

దారిపొడవునా ఒక వాక్యం కూర్చుకున్నాను. దుకాణంలో నలుగురు ఉన్నారు. వాళ్ళందరి వెనక నిలబడ్డాను. నా తర్వాత వచ్చినవాళ్ళు కూడా కొనుక్కుని వెళ్ళిపోయారు. చివరికి ఆయనే, ఏం కావాలమ్మా అన్నాడు. నా వాక్యం ఎటుపోయిందో, రాళ్ళు అన్నాను. ఎవరిమీద వెయ్యడానికమ్మా, అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాక మాట సులువైంది. ఆయన రంగు రంగుల గులకరాళ్ళు తీశాడు, గోళీల్లా అన్నీ ఒకే కొలత. చూడముచ్చటగా ఉంటాయమ్మా, అందరూ ఇవే పట్టుకెళ్తారు అన్నాడు. వద్దన్నాను. పెద్దవీ చిన్నవీ, వంకరవీ పగిలినవీ, ఒకదానికొకటి పోలిక లేనివి కావాలన్నాను. అవి పారేసేవి కదమ్మా అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి ఒక బకెట్టు అడుగు నుంచి పగిలిన పెంకులూ పగడపు ముక్కలూ తెచ్చాడు. పొట్లం కడుతూ, మీ ఇంటి నుంచి తొట్టె తీసుకెళ్ళాలట కదా, ఎప్పుడు రమ్మంటారు, అని అడిగాడు. రావద్దన్నాను. ఒకే రోజు ఒకే మనిషికి రెండుసార్లు వద్దని చెప్పడం నా జన్మలో లేదు.

ముక్కలని నాయనమ్మే వేసింది. మోచేతి దాకా ఉప్పునీళ్ళలో చెయ్యిపెట్టి ఒక్కొక్కటీ చప్పుడు కాకుండా దించింది. ఇన్నేళ్ళూ ఏరడమే గానీ కలపడం ఇదే మొదలు అంది. చేప మోటారు వెనక నుంచి చూస్తూ ఉంది. మేం లేచి వంటింట్లోకి వెళ్ళేదాకా రాలేదు. తలుపు సందులోంచి తొంగి చూశాం, ఇద్దరం, దొంగల్లా. అది ఒక పెంకు తీసుకుంది. తిప్పి చూసుకుంది. నచ్చలేదు, వదిలేసింది. ఇంకోటి తీసుకుంది. కూరగాయలు బేరం చేసేదానిలా ఉందే అంది నాయనమ్మ, గుసగుసగా.

తర్వాత గుసగుస లేకుండా ఇంకో మాట అంది. మీ పిన్ని బల్లమీద రాళ్ళూ గవ్వలూ పెన్సిలు ముక్కలూ పెట్టుకునేది కదే, రోజూ తీసి డబ్బాలో పడేసేదాన్ని, పాపం సర్దుకోవడం చేతకాదనుకున్నాను, అంది.  ఈ ఇంట్లో రాత్రి పెట్టిన వస్తువు తెల్లారేసరికి పెట్టినచోట ఉండదు అని మీరు ఒకసారి నాన్నతో అనడం నేను పక్కగదిలోంచి విన్నాను. మీరు కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అన్నారు.

మర్నాటికి బొరియ లేచింది. అంచు చుట్టూ పెంకులు, లోపల ముక్క మీద ముక్క. పడిపోలేదు. నేను పిచికారీతో రొయ్య తునక దగ్గరికి వదిలితే నడుము దాకా బయటికి వచ్చి అందుకుని వెనక్కి మాయమైంది. రంగు తిరిగొచ్చింది. చారల చేపలకి జైలు నుంచి విడుదల. ఇప్పుడు అవి దగ్గరికి వెళ్తే కప్పమొహం నోరు తెరిచి చూపిస్తుంది, అంతే, అవి పక్కకి తప్పుకుంటాయి. నాన్న దుకాణం నుంచి పెద్ద భూతద్దం తెచ్చి నాయనమ్మ కోసం తొట్టె ముందు బిగించారు. పక్కింటావిడ వస్తే నాయనమ్మ చేయి పట్టుకుని లాక్కొచ్చి చూపిస్తుంది. ఇల్లు తనే కట్టుకుంది, మేస్త్రీ లేకుండా, అని చెబుతుంది. జల్లెడ సంగతి చెప్పదు.

ఇంకో కబురు. నాయనమ్మ సర్దిపెట్టిన మీ పుస్తకాలు అటక మీద నుంచి దిగాయి. ఎప్పుడు దించిందో నేను చూడలేదు. మీ మంచం పక్కన నేలమీద, మీరు పెట్టుకున్నట్టే దొంతరగా ఉన్నాయి. నాయనమ్మకి చదవడం రాదు కాబట్టి సగం తలకిందులుగా ఉన్నాయి. నేను సరిచేయలేదు.

ఉత్తరంలో ముందు క్షేమం, తర్వాత కబుర్లు, చివర మనవి ఉండాలని కాన్వెంట్‌లో సిస్టర్ నేర్పారు. మనవి రాయడం నాకు ఎప్పుడూ సరిగా రాలేదు. మీకు అక్కడ హాయిగా ఉంటే అక్కడే ఉండండి. చేపని నేను చూసుకుంటాను. కానీ ఆ ఇంట్లో కుదురుకోదు అని మీరన్న మాట ఒక్కటి తప్పని తేలింది. మీకు చెప్పాలి కదా. వస్తే, మీరు ఏది ఎక్కడ పెడితే అది అక్కడే ఉంటుంది. వస్తే బాగుంటుంది, పిన్నీ.

నాన్న అడిగానని చెప్పమన్నారు. అంతకంటే ఎక్కువే చెప్పబోయి, నువ్వే రాయి అన్నారు.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క. ఈ కవరు మీద స్టాంపు లేదు, చూసే ఉంటారు. మీ అక్కగారి వీధి మలుపులో బస్సు స్టాపు బెంచీ మీద కూర్చుని రాశాను. రెండుసార్లు గేటు దాకా వచ్చాను, బెల్లు నొక్కలేకపోయాను. దీన్ని తలుపు కింద నుంచి తోసేసి మళ్ళీ వెళ్ళి ఆ బెంచీ మీదే కూర్చుంటాను. నాయనమ్మ కూడా వచ్చింది.