మగ్గం చప్పుడు లేని ఇల్లు

మంసాపురం,
శుక్రవారం.

చిరంజీవి చిత్రకు అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, నా మోకాలు తప్ప. ఫోన్‌లో చెబితే మధ్యలో అరుస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు నీ పోయిన ఉత్తరానికి జవాబు. మాత్రలు మానలేదు. తుంటి ఎముకలో మజ్జ తీసిన చోట నొప్పి పోయింది. ఆ మజ్జలోని మూలకణాలను ల్యాబ్‌లో పెంచి, మోకాట్లో అరిగిన మృదులాస్థి మీద పెట్టారని పక్కింటి గోమతికి చెప్పాను. "నారు పోసి నాటినట్టా అక్కా?" అనింది. డాక్టరు కూడా నాకు ఇంత బాగా చెప్పలేదు.

అన్నతో గొడవపడి పిన్ని ఇంటికి వెళ్లిపోయావా అని అడిగావు. గొడవేమీ లేదు. మీ వదిన బొమ్మి నన్ను బాగానే చూసుకుంది. తప్పు నాది.

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు ఆ కాలు నేల మోపకూడదన్నారు కదా. నాలుగో వారం, సత్రపట్టిలో మన ఇంట్లోనే, మధ్యాహ్నం పడుకుని ఉన్నాను. షెడ్‌లో బ్యాండేజీ గుడ్డ నేస్తున్న కరెంటు మగ్గం చప్పుడు మారింది. పోగు తెగిందన్నమాట. నేను లేవాలని అనుకోలేదు చిత్రా. చూసుకునేసరికి మగ్గం ఆపి, పోగు ముడివేస్తున్నాను. ఊతకర్ర మంచం దగ్గరే ఉంది.

బొమ్మి పరుగెత్తుకొచ్చి, "ఏమిటికి లేచినారు అత్తా? నన్ను పిలవకూడదా?" అని ఏడ్చింది. నీకు చెప్పనని దానిచేత ఒట్టు వేయించుకున్నాను. దాన్ని ఏమీ అనకు.

ఆరో వారం స్కాన్ చూసి డాక్టరు, "నిజం చెప్పండమ్మా, కాలు మోపినారా?" అన్నాడు. చెప్పేశాను. పెట్టినదాంట్లో ఒక అంచు లేచిందట. ఇంకో రెండు నెలలు బరువు పడకపోతే అతుక్కోవచ్చు, పడితే అంతా పోయినట్టే. ఆ డాక్టరు కోసం నువ్వు మదురై ఎన్నిసార్లు తిరిగావో నాకు తెలుసు. నాట్లు వేసిన మడిలో నేనే నడిచాను. సిగ్గుగా ఉంది.

"మగ్గం నిలిపేస్తానమ్మా" అన్నాడు మీ అన్న శక్తివేల్. "వద్దురా, ఆర్డర్ ఉండాది. నేనే పోతా" అన్నాను. అలా ఇక్కడికి వచ్చాను. చుట్టూ పొలాలే, మగ్గం చప్పుడే వినపడదు.

అయినా నిన్న పిన్ని మిక్సీ టక్కున ఆగితే లేవబోయాను. ఇప్పుడు తను వంటింట్లోకి వెళ్లేటప్పుడు నా కొంగు మంచంకోడుకు ముడివేసి వెళుతోంది. నవ్వకు. అలా కట్టమన్నది నేనే. రెండు నెలలయ్యాక నువ్వే వచ్చి విప్పాలి.

ఇట్లు,
మంచం దిగని మీ అమ్మ,
రాక్కమ్మాళ్