చల్లని చెయ్యి

బంగారూ,

ఈ ఉత్తరం మీ వార్డు సిస్టరమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. ఇదే ఆసుపత్రిలో, నీకు రెండంతస్తుల కింద, స్ట్రెచర్లు ఆపే వరండాలో కూర్చుని పెళ్లానికి ఉత్తరం రాసే మగాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. మెట్లెక్కి వస్తే తీరిపోయేదానికి కాగితం దేనికని నువ్వనుకుంటావు. రోజూ మెట్ల దాకా వస్తున్నాను. కాళ్లు పైకి పడటం లేదు. నీకు ముఖం చూపించలేక ఇలా రాస్తున్నాను.

నీ కడుపు ఆపరేషన్ రోజు నిన్ను థియేటర్‌కి తోసుకెళ్లాల్సింది నేను. అందరూ అదే అనుకున్నారు, నువ్వూ అదే అనుకున్నావు. తీరా సమయానికి నేను లేను. నాతోపాటు స్ట్రెచర్లు తోసే పొడుగోడు నిన్ను తీసుకెళ్లాడు. పేగుకు వేసిన కుట్లు ఊడాయని, రేపు మళ్లీ కొయ్యాలని పెద్ద డాక్టరు చెప్పినప్పటి నుంచి అందరి నోటా ఒకటే మాట. చల్లని చెయ్యి తోసి ఉంటే ఇలా అయ్యేది కాదట, పొడుగోడి చెయ్యి పడబట్టే అయిందట. వాడు విని తల వంచుకుని వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉండి నోరు మెదపలేదు.

నా చెయ్యి చల్లనిదని ఇక్కడ అందరికీ గురి. ఎంత చదువుకున్నవాళ్లయినా ఆసుపత్రిలో అడుగుపెడితే ఇంతే. పెద్ద డాక్టరు ఆ వెలిసిపోయిన టోపీ లేకపోతే కత్తి పట్టడు. ఇవాళ పని తెరిపిగా ఉందని ఎవరైనా నోరు జారితే, ఆ మాటతో రోగులు వచ్చిపడతారని సిస్టర్లు కొట్టినంత పని చేస్తారు. అలాగే, నేను తోసిన స్ట్రెచర్ తప్పకుండా తిరిగొస్తుందని ఒక నమ్మకం. రోగుల తాలూకు వాళ్లు వచ్చి బతిమాలుకుంటారు. ఇంట్లో నీ దగ్గర ఎన్ని గొప్పలు పోయానో నీకు తెలుసు. ఇంత గొప్ప చేతితో గిన్నెలు తోమిస్తావా అని అడిగి తప్పించుకునేవాణ్ణి.

ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం నీకు చెప్పలేదు. మనిషిని స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు నేను ముఖం చూస్తాను. పెదాల రంగు చూస్తాను, డాక్టరు ఇంటివాళ్లతో ఎలా మాట్లాడుతున్నాడో చూస్తాను. గుబులు పుట్టిందా, మంచినీళ్లు తాగొస్తానని పక్కకు వెళ్లిపోతాను. నేను వచ్చేసరికి పొడుగోడు తోసుకెళ్లిపోయి ఉంటాడు. బతికేవాళ్లు నా వంతు, పోయేవాళ్లు వాడి వంతు. మొదట్లో భయంతో చేశాను. తర్వాత పేరు రుచి మరిగి చేశాను. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, చివరికి నా చెయ్యి నిజంగానే మంచిదని నేను కూడా నమ్మేశాను.

ఆ ఉదయం నిన్ను ఎత్తి పడుకోబెట్టాను. నీ పెదాలు చూశాను. ఆ వెంటనే నా నోట అదే మాట వచ్చింది, మంచినీళ్లు తాగొస్తానని. ఆలోచించి అన్నది కాదు, నమ్ము. కుళాయి దగ్గర నిలబడి, ఏం జరిగినా నా చేతుల మీదుగా జరగకుండా ఉంటే చాలు అనుకున్నాను. కట్టుకున్నదాని దగ్గర కూడా నా పేరే చూసుకున్నానో, లేక భయపడ్డానో, నాకే తెలియడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. రేపు కూడా పొడుగోణ్ణే తీసుకెళ్లమని చెప్పాను. నన్ను రమ్మని అడగకు.

నీ బావ

* * *

బావా,

సిస్టరమ్మ వీపు వెనక దిండ్లు పెట్టింది కాబట్టి ఈమాత్రం రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

నువ్వు దాచానంటున్న సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. నేను చేరిన రోజే పక్క మంచం పెద్దావిడ నా చెవిలో వేసింది. చల్లని చెయ్యి ఆయనకి ముందే తెలిసిపోతుందట, నీళ్లకి వెళ్లాడంటే ఇక ఆ మనిషి మీద ఆశ వదులుకోవాల్సిందేనట. ఆ ఆయన నా మొగుడని పాపం ఆవిడకి తెలియదు. నువ్వలా వెళ్లగానే సిస్టర్లు కూడా ఆ రోగితో మాట్లాడటం మానేస్తారట. ఇప్పుడు చెప్పు, ఆ ఉదయం నువ్వు మంచినీళ్లు అనగానే నాకు ఏమనిపించి ఉంటుంది? నా మొగుడే నా ముఖం చూసి ఇది బతకదని తేల్చేశాడనుకున్నాను. కోతకు భయపడలేదు బావా, దానికి ఏడ్చాను.

పొడుగన్నయ్య లిఫ్టు దగ్గర స్ట్రెచర్ ఆపి ముందుకొచ్చాడు. "చెల్లెమ్మా, వాడు వదిలేసిపోయినవాళ్లలో చాలామందిని నేనే వెనక్కి కూడా తోసుకొచ్చాను. వాడికేదో తెలుసనుకుంటాడు. ఏమీ తెలీదు" అన్నాడు. మరి ఇన్నాళ్లూ ఆ మాట ఎవరితోనూ ఎందుకనలేదని అడిగాను. "ఎవరడిగారమ్మా? పోయినవాళ్లనే గుర్తుపెట్టుకుంటారు. తిరిగొచ్చినవాళ్లకి మత్తులో నేనెవరో తెలీదు" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నీ పెళ్లాన్నైనందుకు నాకు సిగ్గేసింది.

రేపు అన్నయ్యే తోస్తాడు. కానీ ఆయన తల వైపు ఉంటాడు, నాకు కనపడడు. నువ్వు కాళ్ల వైపు పట్టుకుని నాకు కనిపించేలా నడువు. భయమేస్తే ఏడువు. బయల్దేరే ముందు వార్డు మధ్యలో నిలబడి, ఆ చెడ్డపేరు అన్నయ్యది కాదని, నీ మూలంగా వచ్చిందని చెప్పు. ఎవరు నవ్వినా చెప్పు. నేను తిరిగి రాకపోతే నీ పేరు ఎలాగూ పోతుంది, పోనీ. ఆ రోజు నేను వెళ్తూ వెళ్తూ నీ వీపు చూశాను. రేపు కూడా అదే చూపిస్తే ఊరుకోను.

నిన్ను క్షమించానని ఇందులో ఎక్కడా రాయలేదు, చూసుకో. నీతో పోట్లాడాల్సింది చాలా ఉంది. ఇంత నీరసంతో కుదరదు. దానికోసమైనా తిరిగి రావాలని ఉంది.

నీ పెళ్లాం