నాలుగో గురి

ఫిబ్రవరి 3

తొర్గెయిర్ బస్సు డ్రైవరు, మంచు మీద కూడా బస్సు నడుపుతున్నట్టే మాట్లాడతాడు. ఎడమ మలుపు, పల్లం, ముందు ఎత్తు. పదకొండేళ్లుగా నా గైడ్ అతనే. స్కీల మీద అతను ముందు, నేను అతని గొంతు వెనకాల. ఇవాళ మలుపులో పడ్డాను. ప్రయాణికులు పట్టుకుని నిలబడాలని బస్సులో రాసుందిగా, చదవలేదా గున్‌వోర్ అన్నాడు. చదివే కళ్లుంటే నిన్నెందుకు భరిస్తానన్నాను.

ఫిబ్రవరి 11

జట్టులో ఒక్క చోటే మిగిలింది. ఆదివారం స్కీలూ తుపాకీ గురీ కలిసిన రేసులో మొదటి ఇద్దరిలో ఉంటే అది నాది.

ఫిబ్రవరి 15, సాయంత్రం

పోయింది.

తుపాకీ గురి పెట్టేటప్పుడు గైడ్ నోరు విప్పకూడదు. హెడ్‌ఫోన్‌లో వచ్చే మోతే నాకు ఆధారం. గురి మధ్యకు చేరేకొద్దీ సన్నబడుతుంది, పక్కకు పోతే బొంగురుపోతుంది. చివరి ఐదు గుళ్లూ కాల్చి లేచాను. ఐదూ తగిలాయి, పద పద అన్నాడు తొర్గెయిర్. నిజానికి నాలుగే తగిలాయి. తగిలితే వెలిగే దీపాల్లో అతను పక్క వరసవి చూశాడు. తప్పినదానికి ఒక పెనాల్టీ చుట్టు తిరగాలి. మేం తిరగలేదు. మా సమయానికి రెండు నిమిషాలు కలిపారు. రెండో స్థానంలో ఉన్నవాళ్లం ఆరుకు జారాం.

తప్పు నాదే, కళ్లు నావే కదా అన్నాడు తొర్గెయిర్ అందరి ముందూ. కోచ్ మార్గిట్ వేడి వేడి వాఫుల్ అట్టు నా చేతిలో పెట్టింది. తినబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 18

తొర్గెయిర్ తానే తప్పుకుంటానన్నాడట. కొత్త గైడ్‌ని చూసిపెట్టాను, డేగ కళ్ల పిల్ల అంది మార్గిట్. సరేనన్నాను. సరేనని ఎలా అనగలిగానో.

ఫిబ్రవరి 20

నేను టైపు చేసింది ఫోన్ నాకే చదివి వినిపిస్తుంది. అందుకే ఇన్ని రోజులూ ఇది రాయలేదు.

నాకు తెలుసు. నాలుగో గుండుకి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మోత బొంగురుపోయింది. ఐదూ తగిలాయని అతను అనగానే, ఆశ కొద్దీ, నా చెవులను పక్కన పెట్టి అతని కళ్లను నమ్మాను. తర్వాత తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. సిగ్గుగా ఉంది. అతను లేకుండా మళ్లీ మంచు మీదకి వెళ్లాలని లేదు.

ఫిబ్రవరి 21

తొర్గెయిర్‌నీ మార్గిట్‌నీ కూర్చోబెట్టి చెప్పేశాను.

తొర్గెయిర్ కాఫీ పోసుకుంటూ, తెలుసు అన్నాడు. పెనాల్టీ చుట్టుకి తిరిగే చోట వెనకాల నీ స్కీ కర్రల చప్పుడు ఒక్క క్షణం ఆగింది, ఎందుకో ఇంటికెళ్లాక అర్థమైందన్నాడు. మరి చెప్పలేదేం అన్నాను. నువ్వే చెప్తావని చూశా, ఆరు రోజులు పట్టింది, మా బస్సు ఎన్నడూ ఇంత లేటు కాలేదు అన్నాడు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మార్గిట్ మాత్రం నవ్వలేదు. ఒకరికి కళ్లు లేవు, ఒకరికి చూపు లేదు, ఇద్దరికీ నోరు లేదు అంది. జట్టులో చోటు వేరేవాళ్లకి ఇచ్చేశా, అది తిరిగి రాదంది. మార్చి 8 రేసుకు మాత్రం ఇద్దరూ రండి, ఎన్ని తప్పాయో ముందు నువ్వు చెప్పాలి, తర్వాతే అతను దీపాలు చూడాలి, ఆ తర్వాత డేగ కళ్ల పిల్ల సంగతి ఆలోచిస్తా అంది.

మార్చి 8

రెండు తప్పాయన్నాను. అతను చూసి, రెండే అన్నాడు. రెండు చుట్లూ తిరిగాం. నాలుగో స్థానం.

మనం దిగాల్సిన స్టాపు ఇదేనా అని అడిగాను. ఇంకా ఉంది, పట్టుకుని నిలబడు అన్నాడు.