సింహం తలకాయ, ఆర్డరు మీద

జూలై 6, 1985

మా ఆయన కొట్టు తెరిచారు. అమలాపురంలో చైనా వంట, పార్సెల్ మాత్రమే. పాస్టరు గారు ప్రార్థనకి వచ్చారు. చైనావాళ్ళ కూరల గురించి దేవుడికి ఎలా విన్నవించాలో తోచక కాసేపు ఆగి, "ఈ నూతనమైన వంటకములను దీవించుము" అని ముగించేశారు.

విశాఖపట్నం హార్బరు దగ్గర చైనా హోటల్లో లెక్కలు రాయడానికి చేరి, వంటింట్లో తేలిన మనిషి ఈయన. పెళ్ళిచూపుల్లో మాత్రం గుమాస్తా అన్నారు.

"బోర్డు నువ్వు రాయవే, నీ దస్తూరీ ముత్యాలు" అన్నారు. చేతికి సుద్ద పడదన్నాను. బడిలో రోజంతా సుద్దతోనే బతికే టీచర్ని... తనే రాసుకున్నారు. అక్షరాలు తలో దిక్కూ చూస్తున్నాయి.

జూలై 9

బోర్డు మీద ఉన్నవి:
చెట్టెక్కిన చీమలు.
సింహం తలకాయ, ఆర్డరు మీద.
వెయ్యేళ్ళ గుడ్డు, మూడు రోజుల ముందు చెప్పవలెను.

ఇవేం పేర్లండీ అంటే, "చైనాలో అవే పేర్లు. మార్చడానికి నేనెవర్ని?" అంటారు. చీమలంటే సేమ్యాకి అంటుకున్న ఖీమా. తలకాయంటే కొబ్బరికాయంత ఖీమా ఉండ. గుడ్డు మన కోడిదే, టీ నీళ్ళలో నల్లబడేదాకా నానుతుంది. వీధిలో తల ఎత్తుకోలేకపోతున్నాను.

జూలై 13

మాజీ మునసబు గారు వచ్చారు. బోర్డు అంతా చదివి, గొంతు తగ్గించి — "తలకాయ నాకు పడదండీ. కాళ్ళు దొరుకుతాయేంటండీ, సింహానివి?"

ఈయన ఎంతో గంభీరంగా, "వచ్చే వారం చూస్తానండీ" అన్నారు. తలుపు చాటున పమిట నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆ తర్వాత చాలాసేపు సిగ్గేసింది. మొగుడి బేరం చూసి తలుపు చాటున నవ్వే ఆడదాన్ని నేను.

జూలై 22

కొత్తపేటలో ఈ బళ్ళో చేరి నెలరోజులు. అమలాపురం నుంచి బస్సులో వచ్చేది నేనొక్కదాన్నే. కొట్టు మాదని ఇక్కడెవరికీ తెలీదు, బతికిపోయాననుకున్నాను. ఇవాళ స్టాఫ్ రూములో డ్రాయింగు మాస్టారు... మాట్నీకి అమలాపురం వెళ్ళి బోర్డు చూసొచ్చారట.

"వెయ్యేళ్ళ గుడ్డుకి మూడ్రోజుల ముందు చెప్పాలంటండీ. అంటే వెయ్యేళ్ళకి మూడ్రోజులు తక్కువైన గుడ్డు ఉందన్నమాట అతని దగ్గర."

అందరూ పొట్టలు పట్టుకున్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను.

"మీ ఊరే కదండీ. ఎవరతను?"

"తెలీదండీ. ఎవరో విశాఖపట్నం నుంచి వచ్చేరంట."

"మీవారేం చేస్తారన్నారు?"

"కొబ్బరి వ్యాపారమండీ. అంబాజీపేటలో."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో. మాస్టారు నల్లబల్ల మీద నా రాతని మళ్ళీ మెచ్చుకుని, నా దస్తూరీ ఎక్కడ కనబడినా గుర్తుపడతానన్నారు. బోర్డు రాయకపోవడమే మంచిదైందనుకున్నాను. అనుకున్నందుకూ సిగ్గే.

జూలై 23

నాకు అల్సరని కారం లేకుండా చీమలు వేరే చేసిపెట్టారు. బాగున్నాయి. అదే బాధ.

ఆగస్టు 11

పనసపొట్టు నూడిల్సు మొదలెట్టారు. ఇది చైనాలో లేదటగా అంటే, "ఉండాల్సింది" అన్నారు.

సెప్టెంబరు 3

"కొత్తపేట హైస్కూలు నుంచి ఆర్డరొచ్చిందే. టీచర్స్ డేకి. మీ డ్రాయింగు మాస్టారే వచ్చి చెప్పేరు." ముఖం వెలిగిపోతోంది. "నా సంగతి చెప్పేవా వాళ్ళకి?"

బెండకాయలు తరుగుతున్నాను. తరుగుతూనే ఉన్నాను.

కాసేపటికి, "పోన్లే. బస్సులో వేసి పంపేస్తాలే" అన్నారు. తెలిసిపోయింది ఆయనకి. ముఖంలో ఆ వెలుగు ఆర్పింది నేనే.

సెప్టెంబరు 5

సూపు ఒలుకుతుందని కండక్టరు ఎక్కించుకోనన్నాడట. ఆయనే వచ్చారు. రెండు చేతులా సంచులు, చొక్కా తడిసిపోయి. నా వంక చూడలేదు. హెడ్మిస్ట్రెస్ గారికి దణ్ణం పెట్టి, వరసగా అందరికీ పొట్లాలిచ్చి, ఆఖరికి నా దగ్గరకొచ్చారు.

"ఇది తమకండీ, మేడమ్ గారూ. కారం వెయ్యలేదండీ."

తమకట. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినని మాట.

డ్రాయింగు మాస్టారి చెవులు పాము చెవులు. "ఆవిడికి కారం పడదని నీకెలా తెలుసయ్యా?"

గదంతా నా వైపు తిరిగింది. ఆయన సంచీ మడతపెడుతున్నారు, మడిచిందే మళ్ళీ విప్పి. చెప్పొచ్చు. మా ఆయనండీ... అంతే కదా. నోటిదాకా వచ్చింది.

"ఎవరికో కట్టింది నాకొచ్చుంటుందండీ" అన్నాను.

"ఆయ్. నాదే పొరపాటండీ" అన్నారు ఆయన.

చీమలు బాగున్నాయని అందరూ మెచ్చుకున్నారు.

సెప్టెంబరు 6

తిట్టలేదు. తిడితే బాగుండును. పప్పు బాగుందన్నారు.

సెప్టెంబరు 8

చర్చి. పేతురు యేసుని ఎరగనన్న సంగతి సండే స్కూలు పిల్లలకి ఏటా చెప్పేది నేనే. అతనికి కోడి కూసింది, ఏడ్చాడు, బాగుపడ్డాడు. మా ఇంట్లో కోళ్ళన్నీ కూతకి రాకముందే నూనెలో పడుతున్నాయి. నాకు బుద్ధెవరు చెబుతారు?

సెప్టెంబరు 12

బోర్డు తుడిచేశారు. చికెన్ పలావు, గుడ్డు పలావు, ఆమ్లెట్టు. అంతే.

"ఆ పేర్లేమయ్యాయండీ?"

"జనం నవ్వుతున్నారే. నీకూ ఇబ్బంది."

మునసబు గారు వచ్చి చూసి, "సింహాలైపోయేయాండీ?" అన్నారు. ఏమీ కొనకుండా వెళ్ళిపోయారు, పాపం. ఇంట్లో కూర్చుని ఏడ్చాను.

సెప్టెంబరు 14

రెండో శనివారం, సెలవు. ఆయన మార్కెట్టుకి వెళ్ళగానే బోర్డు పెరట్లోకి తెచ్చి కడిగాను. ఆరాక రాశాను. చెట్టెక్కిన చీమలు. సింహం తలకాయ. వెయ్యేళ్ళ గుడ్డు. పనసపొట్టు నూడిల్సు. తరగతిలో రాసినట్టే, గుండ్రంగా.

వచ్చి చూశారు. నాలుగు లైన్లు చదవడానికి చాలాసేపు పట్టింది ఆయనకి.

"మాట్నీకి మీ స్కూలువాళ్ళు వస్తారేమోనే ఈవేళ."

"ఆయ్."

"నీ దస్తూరీ గుర్తుపడతారు."

దానికి ఆయ్ అనలేకపోయాను. ఆయన బోర్డుని మెల్లగా గోడవైపు తిప్పి, పొయ్యి వెలిగించడానికి వెళ్ళారు. బయట పెట్టమని నేనే చెప్పాలి. ఆ మాట కోసమే చూస్తున్నారు.

నూనె కాగుతున్న వాసన వస్తోంది. బోర్డు ఇంకా గోడవైపే ఉంది.